చెరువులవేనం మంచులో పడని షట్టర్

లంబసింగి దాకా సాగిన బస్సు ప్రయాణం గురించి రాయవలసింది పెద్దగా లేదు. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కగానే చలి మొదలవుతుందని అందరికీ తెలిసిందే. డిసెంబరు శనివారం కావడంతో గది అద్దె రెట్టింపు చెప్పారు, తెల్లవారుజామున దగ్గరలోని చెరువులవేనం కొండ మీదికి తీసుకెళ్ళిన ఆటోవాలా కూడా నోటికొచ్చినంత అడిగాడు. ఇదంతా భరించింది ఒక్క అరగంట కోసం. లోయ నిండా మబ్బు పరుచుకొని, కొండకొమ్ములు మాత్రమే దాని పైన తేలుతూ కనిపించే ఆ దృశ్యాన్ని, మోకాళ్ళ నొప్పులతో రాలేకపోయిన మా అమ్మకు ఫోటోల్లో చూపిస్తానని మాట ఇచ్చి వచ్చాను.

తీరా కెమెరా ఎత్తి బటన్ నొక్కితే షట్టర్ పడలేదు. లెన్సు జర్రుమంటూ ముందుకు తిరిగి, వెనక్కి తిరిగి, ఆగిపోయింది. కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ మూలనున్న పచ్చ చుక్క ఆరుతూ వెలుగుతూనే ఉంది. చలికి బ్యాటరీ బలం తగ్గుతుందని విన్నాను కనుక దాన్ని తీసి గుప్పిట్లో కాసేపు వెచ్చబెట్టాను. కార్డు పక్కనుండే చిన్న తాళం కిందికి జారిందేమోనని చూశాను. లెన్సు విప్పి మళ్ళీ బిగించాను. ఎన్ని చేసినా అదే జర్రు, అదే మొరాయింపు. ఎండ పొడుచుకొస్తే ఆ మబ్బు కరిగిపోతుందన్న భయంతో నా వేళ్ళు చలికంటే ఎక్కువగా వణికాయి.

పక్కన మనవరాలితో నిలబడి ఇదంతా గమనిస్తున్న ఒక పెద్దాయన దగ్గరికి వచ్చారు. అనకాపల్లి వైపు ముప్పై ఏళ్ళు పెళ్ళి ఫోటోలు తీశారట.

“కెమెరా బాగానే ఉంది బాబూ. మంచులో దానికి పట్టు దొరకడం లేదంతే,” అన్నారు.

దృశ్యం స్పష్టంగా పడేలా లెన్సును తనంతట తానే సర్దే ఆటోఫోకస్ వెతికేది వెలుగునీడల మధ్య ఉండే అంచును. అంతా ఒకే తెలుపైనప్పుడు ఆ అంచు దొరకదు, ఫోకస్ కుదిరేదాకా షట్టర్ పడకూడదన్న అమరికలో కెమెరా ఉంటే, ఎంత నొక్కినా పడదు. పచ్చ చుక్క ఆరుతూ వెలిగింది ఫోకస్ కుదరలేదని చెప్పడానికే. మా నాన్నగారి పాత ఫిల్ము కెమెరా ఇలా ఎన్నడూ అడ్డుపడలేదు. నొక్కితే చాలు క్లిక్కుమనేది, 36 ఫోటోల రీలు కడిగించాక గాని ఏది మసకబారిందో తెలిసేది కాదు. ఆ రెండింటిలో ఈ మొరాయింపే నయమని నాకు అప్పుడు అనిపించింది.

గుట్ట అంచున, మాకు యాభై అడుగుల దూరంలో ఉన్న ఒక ఎండుచెట్టును ఆయన చూపించారు. జూమును పూర్తిగా వెనక్కి తెచ్చి, నల్లటి కొమ్మ మీద మధ్య చుక్కను నిలిపి, బటన్ సగం నొక్కమన్నారు. లెన్సు ఒక్కసారి కదిలి కుదురుకుంది. కుదిరిన ఫోకస్‌ను లెన్సు మళ్ళీ వెతుక్కోకుండా, వేలు తీయకముందే లెన్సు పక్కనున్న మీటను ఆటో నుంచి మాన్యువల్‌కు జరిపించి, “ఇప్పుడు రింగు ముట్టుకోకుండా మబ్బు వైపు తిప్పండి,” అన్నారు. తిప్పి నొక్కాను. షట్టర్ పడిన ఆ చిన్న చప్పుడుకు నా గుండె తేలికైంది. మబ్బు విడిపోయేలోగా పదకొండు ఫోటోలు తీయగలిగాను.

ఆయన అడిగింది ఒక్కటే, మనవరాలి ఫోటో. మీటను మళ్ళీ ఆటోకు తెచ్చి, ఆ పాప ఎర్ర శాలువా అంచు మీద చుక్కను పెట్టాను. పచ్చ వెలుగు ఆరకుండా నిలిచింది.