రౌండబౌట్ మధ్యలో ఆ తెల్లపూల పొద ఏమిటి?

సిడ్నీ పడమటి వైపు తోటపని కాంట్రాక్టు టీమ్‌లో చేరినప్పుడు చెట్లతో నాకు పెద్ద ఇబ్బంది కాలేదు. నీలగిరి మనకు తెలిసిందే. బాపట్ల, చీరాల వైపు సరుగుడు తోటలు చూసినవాళ్ళు ఇక్కడి వాగుల పక్కన ఉండే సరుగుడు జాతుల్ని ఇట్టే పోల్చుకుంటారు, బాటిల్‌బ్రష్ అయితే మన ఊళ్ళ పార్కుల్లోనూ కనిపిస్తుంది. తికమక పెట్టేవి పొదలు. రౌండబౌట్ మధ్యలో, స్టేషన్ కార్ పార్కు అంచున, ఆసుపత్రి గేటు దగ్గర, ఎక్కడ చూసినా నడుము ఎత్తున గుండ్రంగా కత్తిరించిన బూడిదాకుపచ్చ పొద ఒకటి ఉంటుంది. మేం ట్రిమ్మర్ పట్టుకుని ఎక్కువగా కత్తిరించేది దాన్నే. పేరేమిటని అడిగితే "నేటివ్, మేట్" అంటారు, అంటే ఇక్కడి మొక్కేనని, అంతే.

ఆ సమాధానం నాకు చాలదు. ఆస్ట్రేలియా అంటే ఓ ఖండం, పెర్త్ వైపు ఇసుక నేలల్లో పెరిగేదీ నేటివే, సిడ్నీ రాళ్ళ మధ్య మొలిచేదీ నేటివే, రెండిటికీ నీళ్ళూ కత్తిరింపూ ఒకేలా ఎలా కుదురుతాయి? పాత కొమ్మ దాకా నరికితే మళ్ళీ చిగురిస్తుందో లేదో తెలియాలంటే ముందు అది ఏ మొక్కో తెలియాలి. డిగ్రీలు చదివి వచ్చి ఇక్కడ ఇలాంటి పనుల్లో ఉన్న మనవాళ్ళు చాలామందే ఉన్నారు. పని ఏదైనా కానీ, రోజూ చేతికి తగిలే మొక్క పేరు తెలియకుండా ఏళ్ళు గడిపేయడం నాకు నచ్చదు.

నాతో పనిచేసే ఒంగోలు కుర్రాడు "అన్నా, ఇది రోజ్‌మెరీనే కదా" అన్నాడు. దూరం నుంచి అలాగే ఉంటుంది మరి, సన్నటి ఆకు, పైన ముదురు రంగు, అడుగున తెల్లటి నూగు, అంచులు కిందికి ముడుచుకుని. కానీ ఆకు నలిపి చూస్తే రోజ్‌మెరీ ఘాటు రాదు. ఇంకా గట్టి గుర్తు కణుపు దగ్గర ఉంది: రోజ్‌మెరీకి కణుపుకి రెండేసి ఆకులు ఎదురెదురుగా ఉంటాయి, దీనికి మామూలుగా నాలుగు ఆకులు కాడ చుట్టూ ఉంటాయి. ఇక పువ్వు. చిన్నది, తెల్లది, పై పెదవికి రెండు చీలికలు, కింది పెదవికి మూడు, గొంతులో చిన్న చిన్న చుక్కలు. చిన్నప్పుడు పూజకి తుమ్మిపూలు కోసినవాళ్ళకి ఆ పెదవులు చూడగానే ఏదో తడుతుంది, ఎందుకంటే తుమ్మి, తులసి, పుదీనా, రోజ్‌మెరీ, ఈ పొద అన్నీ ఒకే కుటుంబం.

దీని పేరు వెస్ట్రింగియా ఫ్రుటికోసా. వాడుకలో కోస్టల్ రోజ్‌మెరీ. న్యూ సౌత్ వేల్స్ తీరంలో ఉప్పుగాలి కొట్టే రాళ్ళ మీద సహజంగా పెరిగే మొక్క, కాబట్టే కార్ పార్కు ఎండనీ నీటి ఎద్దడినీ తట్టుకుంటుంది. ముళ్ళు లేవు, కత్తిరిస్తే గుబురుగా వస్తుంది, ఏడాదిలో చాలా నెలలు పూస్తుంది, కౌన్సిళ్ళకి ఇంకేం కావాలి. వదిలేస్తే రెండు మీటర్ల దాకా పోతుంది కానీ రౌండబౌట్‌లో అవతలి బండి కనపడాలి కదా, మా ట్రిమ్మర్లకి విశ్రాంతి ఉండదు.

మీరూ ఇలాంటి మొక్క ఏదో తేల్చుకోవాలంటే ఫొటో పెడితే మొక్క పేరు సూచించే ఐనాచురలిస్ట్ యాప్ మంచి మొదలు, కానీ పొద మొత్తం కనిపించే ఒక్క ఫొటో పెడితే లాభం లేదు. కణుపు, ఆకు అడుగు భాగం, పువ్వు ముందు నుంచి, పక్క నుంచి, కాయ ఉంటే కాయ, అన్నీ తీయాలి. అది తనంతట మొలిచింది కాదు, నాటిన మొక్క అని యాప్‌లో సూచించడం మర్చిపోవద్దు. యాప్ చూపించే మొదటి పేరుతో ఆగకుండా ప్లాంట్‌నెట్‌లో వర్ణన చదివి సరిచూసుకోండి, నేను చెప్పేది సిడ్నీ బొటానిక్ గార్డెన్ వాళ్ళ న్యూ సౌత్ వేల్స్ మొక్కల సైట్ గురించి, అదే పేరుతో ఫొటోల యాప్ వేరే ఉంది.

అసలు చిక్కు ఏమిటంటే, రోడ్ల పక్కన నాటేవాటిలో చాలావరకు నర్సరీ రకాలు, సంకరాలు. లేత ఊదా పూల వెస్ట్రింగియా కనిపిస్తే అది వినియాబీ జెమ్ అనే సంకరం కావచ్చు, అడవి మొక్కల వర్ణనతో అది పూర్తిగా కలవదు. అలాంటప్పుడు నేను సూపర్‌వైజర్‌ని ల్యాండ్‌స్కేప్ డ్రాయింగ్ అడుగుతాను. కొత్త స్టేషన్, కొత్త పార్కు ఏది కట్టినా ఏ మొక్కలు ఎన్ని నాటాలో అందులో పట్టిక ఉంటుంది, రకం పేరుతో సహా. మనవాళ్ళు అడగడానికి మొహమాటపడతారు గానీ, అడిగితే విసుక్కున్నవాళ్ళు నాకైతే ఎదురుకాలేదు.

ఆ పట్టికలోనే వెస్ట్రింగియా పక్క వరుసలో కొరియా ఆల్బా అనే ఇంకో పొద పేరు ఉంది. గుండ్రటి ఆకు, అడుగున మెత్తటి నూగు, నాలుగు రేకుల తెల్ల పువ్వు. కార్ పార్కు రెండో గేటు దగ్గర ఉన్నది అదే.