పెంటియం 3లో 160 జీబీ డిస్క్: మూడోసారికి దొరికిన తప్పు

దొరికింది! పెద్ద కాపీ పెడితే డిస్క్‌లోని పార్టిషన్లన్నీ మాయమైపోతూ మూడు వారాలుగా వేధిస్తున్న తప్పు నిన్న రాత్రి ఒంటిగంటన్నరకు చేతికి చిక్కింది. డిస్క్‌లోని మొట్టమొదటి సెక్టార్ (512 బైట్ల గది) తెరిచి చూస్తే, అక్కడ ఉండాల్సిన పార్టిషన్ టేబుల్ (డిస్క్‌ను ఏ భాగాలుగా విడదీశామో చెప్పే పట్టిక) లేదు. దాని చోట నేను రాయించిన టెస్ట్ ఫైల్ ముక్క ఉంది, నంబరుతో సహా. ఆ నంబరు చూడగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

నా మెషీన్ ఇది: పెంటియం 3, 600 మెగాహెర్ట్జ్, ఇంటెల్ 440బీఎక్స్ చిప్‌సెట్ (ప్రాసెసర్‌ను డిస్క్ లాంటి మిగతా భాగాలతో కలిపే బోర్డు చిప్పులు), 256 ఎంబీ ర్యామ్, విండోస్ 98 ఎస్ఈ. డిస్క్ సీగేట్ బారాకుడా 7200.7, 160 జీబీ ఐడీఈ (పాత రకం డిస్క్ కనెక్షన్). ఈ డిస్క్ అంటే నాకు చాలా ఇష్టం, తిరుగుతున్నప్పుడు చప్పుడే వినపడదు. 440బీఎక్స్ గురించి అయితే చెప్పక్కర్లేదు, ఆ కాలంలో అంత నిలకడగా పనిచేసిన చిప్‌సెట్ నాకు ఇంకోటి తగల్లేదు.

ముందు సులువుగా అయిపోయినవి. పాత బయోస్‌తో (మెషీన్ ఆన్ కాగానే డిస్క్‌ను గుర్తుపట్టే బోర్డు ప్రోగ్రామ్) డిస్క్ తగిలించగానే డిటెక్షన్ దగ్గరే బిగుసుకుపోయింది. అది 33.8 జీబీ గోడ, అంటే పాత బయోస్ లెక్కపెట్టగల హద్దు: 65,536 సిలిండర్లు, 16 హెడ్లు, 63 సెక్టార్ల లెక్క. డిస్క్ వెనక కెపాసిటీని 32 జీబీకి తగ్గించే జంపర్ (రెండు పిన్నులను కలిపే చిన్న క్లిప్పు) పెట్టి బూట్ చేసి, బయోస్ కొత్త వెర్షన్ ఎక్కించి, జంపర్ తీసేశాను. డిస్క్ 137 జీబీగా కనిపించింది. మొత్తం 160 ఎందుకు కనిపించలేదని అప్పుడే ఆగి ఆలోచించాల్సింది. ఆలోచించలేదు.

విండోస్ 98 ఎఫ్‌డిస్క్ (డిస్క్‌ను పార్టిషన్లుగా విడదీసే ప్రోగ్రామ్) అయితే అదే డిస్క్‌ను 65 వేల చిల్లర మెగాబైట్లుగా చూపించింది. దాని లెక్కలో సైజుకు 16 బిట్లే ఉన్నాయి, 64 జీబీ దాటితే మళ్లీ మొదటికే వస్తుంది. దీనికి సరిచేసిన ఎఫ్‌డిస్క్ వేరే ఉంది. కానీ పార్టిషన్ల విషయంలో నాకు ఎప్పటి నుంచో లైనక్స్ ఎఫ్‌డిస్క్ మీదే గురి. అది బయోస్ చెప్పిన సైజును పట్టించుకోదు, నేరుగా డిస్క్‌నే అడుగుతుంది. లైవ్ సీడీతో (సీడీ మీంచే నడిచే లైనక్స్) బూట్ చేస్తే మొత్తం 31,25,81,808 సెక్టార్లూ కనిపించాయి. ఇక్కడి నుంచి నేను జీబీ అంటే 1024 లెక్కే, ఆ లెక్కన ఇది 149 జీబీ. మొదటి పార్టిషన్ 20, రెండోది 60, మిగిలిన 69 మూడోదానికి. మూడూ ఫ్యాట్32 (విండోస్ 98 ఫైళ్లు దాచే పద్ధతి), ఫార్మాట్ కూడా లైనక్స్‌లోనే చేశాను. విండోస్ ఎక్కించాను, మూడు డ్రైవులూ సరైన సైజులతో వచ్చాయి. ఎంత సంతోషించానో!

మర్నాడు నెట్‌వర్క్ మీదుగా వేవ్ ఫైళ్లు మూడో పార్టిషన్‌లోకి కాపీ పెట్టాను. ఇంట్లో ఉన్న పాత క్యాసెట్లన్నీ ఎక్కించిన ఫైళ్లవి, ఓ 66 జీబీ. గంటా నలభై ఐదు నిమిషాలు చక్కగా నడిచి, నీలం తెర వచ్చింది. రీస్టార్ట్ చేస్తే సిస్టమ్ డిస్క్ పెట్టి ఎంటర్ నొక్కమంటోంది. లైవ్ సీడీలో చూస్తే పార్టిషన్ టేబుల్ ఖాళీ. మూడు పార్టిషన్లలో ఒక్కటీ లేదు. అసలు ఫైళ్లు వేరే మెషీన్‌లో ఉన్నాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ రాత్రి ఎలా గడిచేదో తెలీదు.

అక్కడ మొదలైంది అనుమానాల చిట్టా. ముందు కేబుల్ మార్చాను. 440బీఎక్స్ యూడీఎంఏ 33 (సెకనుకు 33 ఎంబీ వేగం) వరకే వెళ్తుంది కాబట్టి 40 తీగల కేబుల్ సరిపోవాలి, అయినా 80 తీగలది వేశాను. స్మార్ట్ లెక్కలు (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునేవి) తీస్తే రీఅలొకేటెడ్ సెక్టార్లు 0, పెండింగ్ 0, సీఆర్‌సీ ఎర్రర్లు 0. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 పద్నాలుగు గంటలు తిప్పాను, ఒక్క తప్పూ రాలేదు. పవర్ సప్లై 5 వోల్టుల లైన్ మీద 5.02, 12 లైన్ మీద 11.9 ఉంది. డిస్క్ వేడి 38 డిగ్రీలు. ఎక్కడా వేలు పెట్టి చూపించేంత లోపం లేదు.

మిగిలిన అనుమానం ఫార్మాట్ మీదే. మూడు పార్టిషన్లు వద్దు, రెండే చేద్దాం అనుకున్నాను. మొదటిది 20, రెండోది మొత్తం 129. స్కాన్‌డిస్క్ (డిస్క్‌లో తప్పులు వెతికే విండోస్ ప్రోగ్రామ్) ఆ రెండోదాన్ని తెరవలేక మెమొరీ చాలదంది. అది తెలిసిన సంగతే, 16 బిట్ ప్రోగ్రామ్ కాబట్టి 127.53 జీబీ దాటిన ఫ్యాట్32ను అది మొయ్యలేదు. దాన్ని పక్కనపెట్టి, ఈసారి వేవ్ ఫైళ్లతో పాటు డిస్క్ ఇమేజ్‌లూ కలిపి 120 జీబీ కాపీకి పెట్టి పడుకున్నాను. పొద్దున లేచేసరికి మళ్లీ అదే నీలం తెర, మళ్లీ అదే ఖాళీ టేబుల్.

అవతలి మెషీన్ లాగ్‌లో చూస్తే ఈసారి నాలుగు గంటలు నడిచింది. 108 జీబీ వెళ్లాక ఆగింది. మొదటిసారి 48 దగ్గర ఆగింది. ఈ రెండు అంకెలే నన్ను వారం రోజులు దారి తప్పించాయి. ఒకసారి 48, ఒకసారి 108 అంటే సైజుకు సంబంధం లేదు కదా, టైమ్‌కో వేడికో సంబంధం ఉండాలి అనుకున్నాను. డిస్క్ ముందు ఫ్యాన్ బిగించాను. నెట్‌వర్క్ కార్డ్ మార్చాను. డీఎంఏ (డేటాను వేగంగా పంపే పద్ధతి) టిక్ తీసేసి, నత్తనడక పీఐఓలో కూడా కొంతసేపు చూశాను. కాపీ అంత నెమ్మదిగా సాగితే పూర్తయ్యేదాకా చూసే ఓపిక లేక మధ్యలో ఆపేశాను. ఆపకపోయి ఉంటే అక్కడే తెలిసిపోయేది.

మొన్న బస్సులో కూర్చుని ఉండగా తట్టింది. 48, 108 అనేవి ఆ పార్టిషన్ మొదటి నుంచి లెక్క. డిస్క్ మొదటి నుంచి లెక్కేస్తే? మొదటిసారి 20, 60, 48. కలిపితే 128. రెండోసారి 20, 108. అదీ 128! రెండుసార్లూ ఆగింది డిస్క్‌లో ఒకే చోట. తీగ దొరికింది, ఇక డొంక కదలడమే మిగిలింది.

128 జీబీ అంటే 26,84,35,456 సెక్టార్లు, అంటే 2ను 28సార్లు హెచ్చవేస్తే వచ్చే అంకె. పాత ఏటీఏ (ఐడీఈ డిస్కులతో మాట్లాడే ప్రమాణం) పద్ధతిలో సెక్టార్ అడ్రస్‌కు మూడు ఎనిమిది బిట్ల రిజిస్టర్లు (అంకెలు రాసే గళ్లు), డివైస్ రిజిస్టర్‌లో ఇంకో నాలుగు బిట్లు. మొత్తం 28. డిస్క్ తయారీదారుల లెక్కలో ఇదే 137 జీబీ, నా బయోస్ చూపించిన అంకె. ఏటీఏ-6తో 48 బిట్ల అడ్రస్ వచ్చింది. అందులో అవే రిజిస్టర్లలో రెండేసిసార్లు రాస్తారు, రీడ్, రైట్ కమాండ్లు కూడా వేరే. నా డిస్క్‌కు అది వచ్చు, లైనక్స్‌కు వచ్చు. విండోస్ 98లో ఐడీఈని నడిపించే ఈఎస్‌డీఐ_506.పీడీఆర్ డ్రైవర్‌కు రాదు. పార్టిషన్ టేబుల్‌లో ఎంత సైజు రాసి ఉంటే అంత చూపిస్తుంది, అంతవరకూ రాస్తుంది కూడా. కానీ 29వ బిట్ దగ్గరికి వచ్చేసరికి ఆ బిట్ రాలిపోతుంది. 26,84,35,456వ సెక్టార్ కాస్తా సున్నా సెక్టార్ అవుతుంది. ఎర్రర్ మెసేజ్ అనేదే రాదు.

ఇదంతా అప్పటికి నా ఊహే. రుజువు కావాలి కదా. నిన్న సాయంత్రం మొదటిసారి ఉన్న పార్టిషన్లనే మళ్లీ చేశాను, సిలిండర్లతో సహా (ఇక్కడ ఒక్కో సిలిండర్ 16,065 సెక్టార్లు): 2,611, 7,832, మిగిలిన 9,014. ఓ చిన్న సీ ప్రోగ్రామ్ రాశాను. అది 1 జీబీ ఫైళ్లు వరసగా రాస్తుంది. ప్రతి ఫైల్‌లోనూ 512 బైట్లకో ముక్క, ప్రతి ముక్క మొదట్లో ఫైల్ నంబరు, ముక్క నంబరు (సున్నా నుంచి లెక్క) మామూలు అక్షరాల్లో. ఇక ఏ సెక్టార్ తెరిచినా అక్కడున్నది ఎక్కడిదో అదే చెప్పేస్తుంది.

రాయించడానికి ముందే కాగితం మీద లెక్కేశాను. మూడో పార్టిషన్ 16,77,66,795వ సెక్టార్ దగ్గర మొదలవుతుంది. లాజికల్ పార్టిషన్ (ఎక్స్‌టెండెడ్ అనే పెద్ద పార్టిషన్ లోపలిది) ముందు వదిలే 63, రిజర్వ్‌డ్ 32, రెండు ఫ్యాట్ (ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే పట్టిక) కాపీలకు 35,354, రూట్ డైరెక్టరీకి 64 తీసేస్తే, గోడ దాకా మిగిలేవి 10,06,33,148 సెక్టార్లు. అంటే 47 ఫైళ్లు పూర్తిగా పడతాయి, 48వ ఫైల్‌లో 20,67,004వ ముక్క గోడ అవతల పడాలి. నా ఊహ నిజమైతే సున్నా సెక్టార్‌లో కనిపించాల్సింది ఆ ముక్కే.

ప్రోగ్రామ్ నడిచింది. 47 ఫైళ్లు అయ్యాయి. 48వది చివరికి వచ్చేసరికి మౌస్ బిగుసుకుపోయి, నీలం తెర వచ్చింది. దాన్ని చూసి అంత సంతోషపడటం అదే మొదటిసారి! లైవ్ సీడీ పెట్టి, డీడీ అనే లైనక్స్ కమాండ్‌తో మొదటి సెక్టార్ తీసి హెక్స్‌డంప్ (బైట్లను అంకెలుగా, పక్కనే అక్షరాలుగా చూపించడం) చేశాను. కుడివైపు అక్షరాల వరసలో స్పష్టంగా ఉంది: 48, దాని పక్కన 2067004. ఒక్క అంకె కూడా తేడా లేదు.

ఆ తర్వాత సెక్టార్లు చూస్తే వరసగా 2067005, 2067006 అలా వెళ్తూనే ఉన్నాయి. 48వ ఫైల్‌లో మిగిలిన 30 వేల ముక్కలు డిస్క్ మొదటి 15 ఎంబీని తుడిచిపెట్టేశాయి. పార్టిషన్ టేబుల్, మొదటి పార్టిషన్ బూట్ సెక్టార్, దాని రెండు ఫ్యాట్ కాపీలూ అందులోనే. ఒక ఫ్యాట్ పోయినా ఇంకోటి ఉంటుంది కదా అనుకుంటాం, రెండూ పక్కపక్కనే ఉంటే ఇలాంటి దెబ్బకు రెండూ ఒకేసారి పోతాయి.

ఇప్పటికి చేసిన మందు: చివరి పార్టిషన్‌ను 16,709వ సిలిండర్ దగ్గర ఆపేశాను. అది 26,84,30,085 సెక్టార్లు, గోడకు రెండున్నర ఎంబీ ఇవతల. అదే ప్రోగ్రామ్‌తో నిండుగా రాయించి, తిరిగి చదివించి పోల్చాను. సెకనుకు 17 ఎంబీ చొప్పున రాయడానికి 50 నిమిషాలు పట్టింది, ఒక్క ముక్కా తప్పు లేదు.

కానీ గోడ అవతల 21 జీబీ ఊరికే పడి ఉంది, అది నాకు నచ్చడం లేదు. దాన్ని లైనక్స్‌కు ఇచ్చి ఎక్స్‌ట్3 (లైనక్స్ ఫైళ్లు దాచే పద్ధతి) చేస్తాను, విండోస్ 98 దాని జోలికి వెళ్లదు. అయితే దాన్ని ప్రైమరీగానే (మొదటి సెక్టార్‌లోని టేబుల్‌లో నేరుగా ఉండేది) చేయాలి. ఎక్స్‌టెండెడ్‌లో పెడితే గొలుసులోని తర్వాతి టేబుల్ గోడ అవతల ఉంటుంది, విండోస్ దాన్ని చదవబోయి మళ్లీ మొదట్లోకే వస్తుంది. బూట్ ఫైళ్లు మాత్రం ఇవతలే ఉండాలి, బయోస్‌కు అవతల కనిపించదు.

డిస్క్ మేనేజర్ రకం ఓవర్‌లే సాఫ్ట్‌వేర్ వేసుకోమని కొందరు అంటారు. నేను వేసుకోను. అది బయోస్ కళ్లు తెరిపిస్తుందే తప్ప విండోస్ డ్రైవర్‌ను మార్చదు, పైగా మొదటి సెక్టార్‌లో ఇంకో ప్రోగ్రామ్ వచ్చి కూర్చుంటుంది. హాబీగా చేసేవాళ్లు సరిచేసిన ఈఎస్‌డీఐ_506 ఫైళ్లు కూడా దొరుకుతాయి, అవి పనిచేస్తాయని విన్నాను, కానీ డేటా విషయంలో నాకు ధైర్యం చాలడం లేదు. నా మనసు ప్రామిస్ అల్ట్రా133 టీఎక్స్2 అనే విడి ఐడీఈ కార్డ్ మీద ఉంది. దానికి సొంత బయోస్ ఉంటుంది, 48 బిట్లు తెలుసు, విండోస్ 98లో సొంత డ్రైవర్‌తో నడుస్తుంది కాబట్టి పాత డ్రైవర్ దారిలోకే రాదు. కార్డ్ పెడితే సీడీ డ్రైవ్ బోర్డు మీదే ఉంచి, డిస్క్ ఒక్కటే అటు మారుస్తాను. విండోస్ 2000 కూడా పక్కన ఎక్కించాలని ఉంది, దానికి సర్వీస్ ప్యాక్ 3 ఉండి రిజిస్ట్రీలో ఎనేబుల్‌బిగ్ఎల్‌బీఏను (48 బిట్ల అడ్రస్‌ను ఆన్ చేసే సెట్టింగ్) 1 చేస్తే చాలు.

కార్డ్ చేతికి వచ్చిన రోజు డిస్క్‌లో ఏమీ పెట్టను. మొదట మొత్తం 69 జీబీ పార్టిషన్ చేసి, ఇదే ప్రోగ్రామ్ నడిపి, 48వ ఫైల్ 20,67,004వ ముక్క దాటాక సున్నా సెక్టార్ తెరిచి చూస్తాను.