లకుముకి పిట్టల్ని గుర్తుపట్టడం నాకెలా అలవాటైందంటే

లకుముకి పిట్టల కోసం అడవులు పట్టుకు తిరగక్కర్లేదు. హైదరాబాద్ శివారులో అమీన్‌పూర్ చెరువుంది, 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచిపోతున్నా, పొద్దున్నే వెళ్తే మూడు రకాలు అక్కడే చూడొచ్చు.

తెల్లగొంతు లకుముకితో మొదలుపెట్టాను. దసరాకి కరెంటు తీగ మీద దీన్ని చూసి పాలపిట్ట అనుకుని దణ్ణం పెట్టేవాళ్లు బోలెడుమంది. రెండూ నీలమే మరి! ముక్కు చూస్తే గొడవే లేదు: లకుముకికి పొడవాటి ఎర్ర ముక్కు, పాలపిట్టది నల్లన. పైగా దీనికి నీళ్లతో పెద్దగా పనిలేదు, పొలంలో మిడతలు, తొండలు దొరికినా చాలు.

చిన్న లకుముకి మాత్రం నా ఓపికను పరీక్షించింది. పిచ్చుక కన్నా కాస్త పెద్దది, అంతే. సన్నటి ఈల వినిపించి తలతిప్పేసరికి నీటికి జానెడు ఎత్తులో నీలి గీతలా దూసుకుపోతుంది. వెంటపడితే దొరకదు. అది వాలే కొమ్మేదో చూసిపెట్టుకుని దూరంగా కూర్చున్నాను, తిరిగి అక్కడికే వచ్చింది. చేపను తోక వైపు పట్టుకుని కొమ్మకేసి అటూ ఇటూ బాదింది. కదలిక ఆగాక తిప్పి, తల ముందుగా గుటుక్కున మింగేసింది. చేప తల బయటికి ఉండేలా పట్టుకుని ఎగిరిపోతే మాత్రం అది జోడుకో పిల్లలకో తీసుకెళ్తోందన్నమాట. కింది ముక్కు నారింజ రంగులో ఉంటే ఆడది, ముక్కంతా నల్లగా ఉంటే మగది.

నలుపు తెలుపు లకుముకికి గైడ్‌బుక్ కూడా అక్కర్లేదు. గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి, నిట్టనిలువుగా నీళ్లలోకి దూకుతుంది. రొమ్ము మీద రెండు నల్ల పట్టీలుంటే మగది, ఒకటే ఉండి అదీ మధ్యలో తెగితే ఆడది. ఫొటో కోసం ఫోన్లో కూత రికార్డింగు మోగించేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. గూడు పెట్టే రోజుల్లో పిట్టకు అదెంత టెన్షనో!

నల్లటోపీ లకుముకి కోసం కాకినాడ దగ్గర కోరింగ మడ అడవులకు వెళ్లాను. నల్ల తల, తెల్ల మెడపట్టీ, ఊదా కలిసిన నీలం వీపు, నారింజ పొట్ట, ఎర్ర ముక్కు. మీరూ వెళ్తే ఆటు వేళ కనుక్కుని వెళ్లండి. బురద తేలితే పీతలు బయటికొస్తాయి, వాటి కోసం అది కిందికి దిగుతుంది.