ద్రాస్‌లో రెండు గంటలైనా ఆగాలి

శ్రీనగర్‌లో బండి మాట్లాడుకునేటప్పుడే, కార్గిల్ యుద్ధ స్మారకం చూడటానికి లద్దాఖ్‌లోని ద్రాస్‌లో రెండు గంటలు ఆపాలని ఖాయం చేసుకోండి. లేకపోతే అరగంట ఇచ్చి, ఆపైన వెయిటింగ్ చార్జీ అంటారు. నాకు అదే జరిగింది, డబ్బు పోతే పోయిందని ఆగాను. మన ప్రీపెయిడ్ సిమ్ ఇక్కడ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. ఆధార్ దగ్గర పెట్టుకోండి. బైనాక్యులర్స్ ఉంటే మరీ మంచిది.

జోజిలా కనుమ దాటి, ద్రాస్ ఊరు దాటి కార్గిల్ వైపు కొద్ది దూరం పోతే రోడ్డు పక్కనే, తోలోలింగ్ కొండ కింద ఆ స్మారకం. 1999 కార్గిల్ యుద్ధంలో అమరులైనవాళ్ల పేర్లన్నీ గులాబీరంగు రాతిగోడ మీద ఉంటాయి. నేను వెతికింది కెప్టెన్ నెయికెఝాకువో కెంగురుసే పేరు. నాగాలాండ్‌లోని నెర్హెమా ఊరివాడు. 1998 డిసెంబరులో సైన్యంలో అధికారిగా చేరాడు, అమరుడైన 1999 జూన్ 28 రాత్రికి ఆయన సర్వీసు ఏడు నెలలు కూడా నిండలేదు. అసలు ఆర్మీ సర్వీస్ కోర్, అంటే సరఫరాల విభాగం. అక్కడి నుంచి 2 రాజ్‌పుతానా రైఫిల్స్ పటాలానికి వచ్చి దాని ఘాతక్ ప్లటూన్‌ను, అంటే మెరుపుదాడులు చేసే కమాండో దళాన్ని, నడిపాడు. జవాన్లు ప్రేమగా 'నింబూ సాబ్' అనేవారట.

ఎదురుగా ఉన్న గుట్టల్ని పగటి వెలుగులో చూస్తేనే ఆ రాత్రి ఏమిటో కాస్త తెలుస్తుంది. ద్రాసే పదివేల అడుగుల పైన ఉంది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఆయన ప్లటూన్ ఎక్కింది పదహారు వేల అడుగుల దగ్గర, చీకట్లో, సున్నాకు పది డిగ్రీలు కింద, పైనుంచి శత్రువుల మెషిన్ గన్లు పేలుతుండగా. ఎక్కుతుండగానే ఆయన పొట్టలో తూటా ముక్కలు దిగాయి. అయినా ఆగలేదు. చివరి నిట్టనిలువు బండ మీద మంచు పేరుకుని బూటు పట్టు దొరకలేదు. గట్టి సోల్ ఆ నునుపు మీద జారుతుంది, చిన్న అంచునైనా పట్టుకోగలిగేది కాలివేళ్లే. అందుకే బూట్లు విప్పేశాడు. ఆ చలిలో వట్టి పాదం ఎంతోసేపు నిలవదని కొండల్లో పుట్టినవాడికి తెలియదా! రాకెట్ లాంచర్‌తో అలాగే ఎక్కి బంకర్ మీద పేల్చాడు. రైఫిల్‌తో ఇద్దర్ని, కమాండో కత్తితో మరో ఇద్దర్ని పడగొట్టాక తూటా తగిలి లోయలోకి ఒరిగిపోయాడు. వయసు 24. మహావీర చక్ర ఇచ్చారు.

అదే రాత్రి అదే పటాలంలో లోన్ హిల్ మీద ఒక కంపెనీని నడిపి అమరుడైన మేజర్ పద్మపాణి ఆచార్య మన హైదరాబాద్ వాసి. ఆయనకూ మహావీర చక్రే. రెండు పేర్లూ వెతికి చూడండి.

సాయంత్రం అయ్యేసరికి గాలి ఎముకల్లోకి దిగింది. జూలైలోనే, ఉన్ని మేజోళ్లు తొడుక్కుని కూడా, నా వేళ్లు మొద్దుబారాయి.