శనివారం మైదానం, బుధవారం హాలు

శనివారం ఉదయం తొమ్మిది గంటల లోపే ఫోన్ మోగితే, అవతలి వారు ఏమి చెప్పబోతున్నారో నాకు ముందే తెలిసిపోతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఆ వేళకు వచ్చే ఫోన్లలో చాలావాటి సారాంశం ఒక్కటే: పార్కులో నీళ్లు నిలిచాయి, ఈ రోజు ఆట లేదు. అప్పుడు నేను రిఫరీకి, ఎదుటి జట్టు కార్యదర్శికి, మా ఆటగాళ్లందరికీ కబురు పంపి, ముందు రోజు రాత్రే కారు డిక్కీలో సర్దిపెట్టుకున్న గోల్ వలలను, మూలజెండాలను, ఉతికి మడతపెట్టిన చొక్కాల సంచిని మళ్లీ ఇంట్లోకి మోసుకొస్తాను. బ్రిటన్‌లోని వేల్స్ రాజధాని కార్డిఫ్ ఉత్తర భాగంలో ఫుట్‌బాల్‌తో పాటు, హాల్లో ఐదుగురేసి ఆడే ఫుట్సల్ కూడా ఆడే ఒక చిన్న ఔత్సాహిక క్లబ్బుకు ఆరేళ్లుగా కార్యదర్శిగా ఉన్న నాకు ఈ దించడాలు, ఎక్కించడాలు బాగా అలవాటయ్యాయి కానీ, ఆట లేదన్న కబురు వినగానే కలిగే దిగులు మాత్రం ఇంకా అలవాటు కాలేదు.

ఇక్కడి వాన తీరు మన వాన తీరు కాదు. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడితే, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురిసిపోతుంది. కార్డిఫ్‌లో 1100 మిల్లీమీటర్లకు పైగా పడే వాన పన్నెండు నెలలకూ పరుచుకుని, అందులో పెద్ద వాటా అక్టోబరు నుంచి జనవరి దాకా, అంటే సరిగ్గా ఫుట్‌బాల్ సీజను నడిమధ్యలో వచ్చి పడుతుంది. 2020 ఫిబ్రవరిలో డెన్నిస్ తుఫాను వచ్చినప్పుడు మా ఊరి ట్యాఫ్ నది పొంగి, ఎగువన ఉన్న పాంటీప్రిడ్ పట్టణపు వీధుల్లోకి, ఇళ్లలోకి చేరిన సంగతి ఇక్కడెవరూ మరచిపోలేదు. మా మైదానం చెడిపోవడానికి అంతటి విపత్తు అక్కర్లేదు. నాలుగు రోజులు ముసురు పడితే చాలు, గోల్ ముందరి నేల దమ్ము చేసిన మడిలా తయారవుతుంది. పైగా డిసెంబరులో సాయంత్రం నాలుగు దాటగానే చీకటి పడుతుంది కనుక, ఫ్లడ్‌లైట్లు లేని మా పార్కులో ఆట మధ్యాహ్నం ఒకటిన్నరకల్లా మొదలు కావలసిందే.

మా క్లబ్బుకు సొంత మైదానం లేదు, జీతం తీసుకునే మనిషి లేడు. పెద్దవాళ్ల జట్లు రెండు, పదహారేళ్ల లోపు పిల్లల జట్టు ఒకటి, ఫుట్సల్ జట్టు ఒకటి ఉన్నాయి. ఆడే ప్రతి పెద్దమనిషీ ఆటకు ఐదు పౌండ్లు ఇస్తాడు. ఆ డబ్బుతోనే రిఫరీ ఫీజు, కౌన్సిల్ పార్కు అద్దె, హాలు అద్దె అన్నీ గడవాలి. మా జట్టులో నీటి గొట్టాలు బిగించేవాడు, బడిపంతులు, రాత్రి డ్యూటీ చేసే నర్సు, యూనివర్సిటీ విద్యార్థులు, ఓడరేవు రోజుల నుంచి ఈ నగరంలో స్థిరపడిన సోమాలీ, యెమెనీ కుటుంబాల పిల్లలు ఉన్నారు. వరంగల్ నుంచి ఉద్యోగం కోసం వచ్చిన నేను మా అబ్బాయిని ఆటకు తీసుకెళ్లి, గీత పక్కన ఊరికే నిలబడటం ఎందుకని ఒకరోజు వల కట్టడానికి చెయ్యి వేశాను. ఆ చెయ్యి మళ్లీ వెనక్కి తీసుకోలేదు.

వేల్స్ ఫుట్‌బాల్ నిచ్చెనలో మేము అట్టడుగు మెట్టుకు దగ్గరగా ఉంటాము. పైన కమ్రీ ప్రీమియర్, దాని కింద ఉత్తర, దక్షిణ లీగులు, ఆ కింద వేల్స్ భాషలో ప్రాంతం అని అర్థమిచ్చే 'ఆర్డల్' లీగులు, వాటికీ కింద జిల్లా లీగులు, స్థానిక లీగులు ఉన్నాయి. అయినా మా పదహారేళ్ల కుర్రాడి పేరు నమోదయ్యేది వేల్స్ ఫుట్‌బాల్ సంఘపు కోమెట్ అనే కంప్యూటర్ వ్యవస్థలోనే. దేశపు పెద్ద క్లబ్బుల ఆటగాళ్ల నమోదూ అక్కడే జరుగుతుంది. ఆ సంఘం 1876లో రెక్సమ్ పట్టణంలోని విన్‌స్టే ఆర్మ్స్ హోటల్లో పుట్టింది. ఇంగ్లండ్, స్కాట్లండ్ తరువాత ప్రపంచంలో మూడవ పాత ఫుట్‌బాల్ సంఘం అదే. ఈ రోజుకూ ఫుట్‌బాల్ నియమాలు మార్చాలంటే వేసే ఎనిమిది ఓట్లలో నాలుగు ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫావి, మిగిలిన నాలుగు బ్రిటన్‌లోని నాలుగు సంఘాలవి, అందులో ఒకటి వేల్స్‌ది. ముప్పై లక్షల పైచిలుకు జనాభా గల దేశానికి ఆ ఓటు ఉండటం నాకు ఎంతో గౌరవంగా తోస్తుంది. శనివారం రాత్రి వంటగది బల్ల దగ్గర కూర్చుని మా ఓటమి వివరాలను కోమెట్‌లో ఎక్కిస్తున్నప్పుడు కూడా ఆ సంగతి గుర్తుకొస్తుంది.

మా క్లబ్బు మొదలైన నాటి నుంచి ఉన్న ఒక పెద్దాయన, బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరైన మనిషి, సీజను పొడవునా పిచ్ గీతలను కాపాడుతూ ఉంటారు. వానకు గీతలు చెరిగిన చోట ఆయన రెండు మేకుల మధ్య తాడు బిగించి, రంగు పోసిన చక్రపు బండిని తాడు వెంట నడిపిస్తారు. నడుస్తున్నంతసేపూ చక్రం వైపు చూడరు, ఎదురుగా ఉన్న మేకు వైపే చూస్తారు. అలా చూస్తేనే గీత వంకర పోదట. వేల్స్ భాషలో ఫుట్‌బాల్‌ను 'పేల్ డ్రోయిడ్' అంటారని నాకు నేర్పింది ఆయనే. 'పేల్' అంటే బంతి, 'ట్రోయిడ్' అంటే పాదం. రెండూ కలిసినప్పుడు ట్రోయిడ్ కాస్తా డ్రోయిడ్ అవుతుంది. మా తెలుగులోనూ తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు అవుతారని, కూర, కాయ కలిస్తే కూరగాయ అవుతుందని, బడిలో మేము దానిని గసడదవాదేశ సంధి అని చదువుకున్నామని ఆయనకు చెప్పాను. ఆయన బండి ఆపి, ఆ మాటలను నాచేత రెండోసారి పలికించుకుని, 'తల్లిదండ్రులు' అని తాను కూడా నెమ్మదిగా పలికి చూశారు.

ఫుట్సల్ మా క్లబ్బులోకి వచ్చింది కూడా వాన వల్లనే. ఒక చలికాలంలో వరుసగా ఐదు శనివారాలు ఆట రద్దయింది. మూడో వారానికి పిల్లలు సాధనకు రావడం తగ్గించారు. ఐదో వారానికి ఇద్దరు కుర్రాళ్లు మానేస్తామని చెప్పారు. చిన్న క్లబ్బులు మూతపడేది ఓటముల వల్ల కన్నా ఇలా ఆట లేని వారాల వల్లనే ఎక్కువని నా నమ్మకం. అప్పుడు ఒక బడి హాలును బుధవారం సాయంత్రం గంటసేపు అద్దెకు తీసుకున్నాము. బ్యాడ్మింటన్ గీతలు, బాస్కెట్‌బాల్ గీతలు, నెట్‌బాల్ గీతలు రంగురంగులుగా ఒకదాని మీద ఒకటి పడి ఉన్న ఆ చెక్క నేల మీద, మా హద్దు ఏ రంగు గీతో గుర్తుపట్టడానికే మొదటి రోజు పావుగంట పట్టింది.

ఆ మొదటి వారాల్లోనే ఒక పిల్లవాడి తండ్రి బంతిలో గాలి తగ్గిందని చెప్పి, ఇంటి నుంచి పంపు తెచ్చారు. గాలి తగ్గలేదు. ఫుట్సల్ బంతి నాలుగో నంబరుది, మైదానంలో వాడే ఐదో నంబరు బంతి కన్నా చిన్నది, కావాలనే తక్కువగా ఎగిరేలా చేసినది. నేను గోడకు కొలత టేపు పట్టి, రెండు మీటర్ల ఎత్తు నుంచి బంతిని వదిలి చూపించాను. నియమం ప్రకారం అది మొదటిసారి 50 నుంచి 65 సెంటీమీటర్ల మధ్యనే లేవాలి. మా బంతి ఆయన మోకాలి దగ్గరికి వచ్చి దిగిపోయింది. ఆయన వంగి బంతిని చేతిలోకి తీసుకుని, రెండుసార్లు నొక్కి చూసి, పంపును సంచిలో పెట్టుకున్నారు.

1930లో, ఉరుగ్వే తన సొంత గడ్డ మీద మొదటి ప్రపంచ కప్పు గెలిచిన సంవత్సరంలోనే, మోంటెవిడియో నగరంలోని వైఎంసీఏలో హువాన్ కార్లోస్ సెరియాని అనే ఉపాధ్యాయుడు హాల్లో ఆడుకునేందుకు ఈ ఆటను రూపొందించాడు. ఒక్కో జట్టుకు ఐదుగురు. ఇరవై నిమిషాల చొప్పున రెండు భాగాలు. బంతి ఆటలో లేనప్పుడల్లా గడియారం ఆగిపోతుంది. బ్రిటన్‌లో చాలాకాలంగా ఐదుగురి ఆట అంటే చుట్టూ గోడలుండి, గోడకు కొట్టిన బంతి తిరిగి వచ్చే ఆట అనే అనుకుంటారు. ఫుట్సల్‌లో గోడ లేదు. పక్క గీత దాటిన బంతి ఎదుటివారిదవుతుంది, దానిని వారు నాలుగు సెకన్ల లోపు కాలితో లోపలికి కొట్టాలి. ఆ నాలుగు సెకన్లను రిఫరీ చెయ్యి పైకెత్తి వేళ్లతో లెక్కపెడుతూ ఉంటే, మైదానంలో తీరికగా బంతి విసరడానికి అలవాటుపడిన మా వాళ్లు మొదట్లో తడబడేవారు. ఒక భాగంలో జట్టు చేసిన తప్పులన్నీ కూడుతూ పోతారు. ఆరో తప్పు నుంచి ఎదుటివారికి, ఆటగాళ్లు అడ్డుగోడగా నిలబడటానికి వీల్లేని ఫ్రీ కిక్ దొరుకుతుంది. అందువల్ల కాళ్లకు అడ్డంపడి ఆపే మొరటు పద్ధతి ఇక్కడ సాగదు. ఆటగాళ్లు ఎన్నిసార్లయినా లోపలికి, బయటికి మారవచ్చు కాబట్టి, రాత్రి డ్యూటీ అలసట వల్ల తొంభై నిమిషాల ఆట మానుకున్న మా నర్సు ఇప్పుడు నాలుగేసి నిమిషాలు ఆడుతూ, మధ్యలో కూర్చుని ఊపిరి తీసుకుంటూ, మళ్లీ క్లబ్బులో ఆటగాడయ్యాడు.

మా పిల్లల జట్టులో ఒక కుర్రాడు ఉన్నాడు. పొడగరి, మంచి పరుగు, కానీ వచ్చిన బంతి అతని కాలికి తగిలి గజం దూరం పోయేది. దానిని మళ్లీ అందుకోలేనన్న భయంతో అతడు ఎటో ఒకవైపు బలంగా తన్నేసేవాడు. పార్కులో ఆ అలవాటు సాగిపోయింది, ఎందుకంటే బురదలో ఎవరి బంతీ ఆగదు. హాల్లో అలా తన్నడానికి చోటు లేదు. ప్రత్యర్థి చెయ్యి చాపినంత దూరంలోనే ఉంటాడు. మా కోచ్ అతడికి వారాల తరబడి ఒక్కటే చెప్పింది: అరికాలితో బంతిని ఆపు, ఆపి తలెత్తు. మార్చి నెలలో నేల కాస్త గట్టిపడ్డాక జరిగిన ఒక ఆటలో, కుడివైపు గీత దగ్గర ఇద్దరు మీదికి వస్తున్నప్పుడు, ఆ కుర్రాడు బంతిని అరికాలి కింద అదిమి, వెనక్కి లాగి, ఇద్దరి మధ్య నుంచి మధ్యలో ఉన్న తోటివాడికి అందించాడు. గోల్ పడలేదు. అయినా గీత పక్కన మా పెద్దాయన 'డా యౌన్' అన్నారు. చాలా బాగుంది అని దాని అర్థం.

అందుకే, ఫుట్సల్ అంటే వానాకాలపు కాలక్షేపమని మా కమిటీలో కొందరు అన్నప్పుడు నేను ఒప్పుకోను. మార్చి రాగానే హాలు మానేస్తే కొంత డబ్బు మిగులుతుందన్న మాట నిజమే, ఖాతా చూసేది నేనే కనుక ఎంత మిగులుతుందో కూడా నాకు తెలుసు. కానీ హాల్లో నేర్చినది మైదానంలో కనిపిస్తోంది; మైదానంలో చోటు దొరకని వారికి హాల్లో చోటు దొరుకుతోంది. వేల్స్ ఫుట్‌బాల్ సంఘమే ఫుట్సల్‌కు ప్రత్యేకంగా కప్పు పోటీ నడుపుతోంది, దాని విజేతకు యూరప్ ఫుట్సల్ ఛాంపియన్స్ లీగు ప్రాథమిక పోటీల్లో అడుగుపెట్టే అవకాశం వస్తుంది. మా ఊరి యూనివర్సిటీ జట్టు ఆ దారిన వెళ్లి వచ్చింది. పిల్లలకు ఆ దారి ఉందని చెప్పగలగాలంటే ఏడాది పొడవునా తలుపు తెరిచి ఉండాలి కదా.

ఆ తలుపు తెరిచి ఉంచడమే కష్టంగా ఉంది. మొదట మాకు హాలు ఇచ్చిన బడి, పరీక్షల బల్లలు వేయాలని చెప్పి వారం ముందు కూడా కబురు చేయకుండా రెండుసార్లు రద్దు చేసింది. రెండోసారి ఇరవై మంది పిల్లలను గేటు బయట చలిలో నిలబెట్టి, తల్లిదండ్రులు వచ్చేదాకా వారితో పాటు నేనూ నిలబడ్డాను. ఈ ఏడాది వేరే హాలు కుదిరింది. తాళం చెవి నా దగ్గరే ఉంటుంది. బుధవారం సాయంత్రం ఏడు గంటలకు పిల్లలు, ఎనిమిదికి పెద్దలు ఆడతారు. కార్డిఫ్‌లో ఉండే తెలుగువాళ్లు ఎవరైనా తమ పిల్లలను తీసుకురావచ్చు. మొదటి రెండు వారాలు డబ్బు తీసుకోము, బంతి మేమే ఇస్తాము. నేల మీద మరకలు పడని రబ్బరు అడుగున్న బూట్లు మాత్రం తప్పనిసరిగా వేసుకురావాలి.