తాబేలు గుడ్లు ఎప్పుడు తీయాలి, ఎప్పుడు ముట్టుకోకూడదు

ఫిబ్రవరి వచ్చిందంటే ఒడిశాలో రుషికుల్య నది మొగ దగ్గర పొడంపేట, గోఖర్‌కుడా, పురుణాబంధ పల్లెల్లో ఒకటే ప్రశ్న: తాబేళ్లు ఒడ్డెక్కాయా? గంజాం తీరంలోని మన తెలుగు మత్స్యకారులకు తరతరాలుగా తెలిసిన సంగతే అయినా, తాబేళ్లు ఇక్కడికి గుంపుగా వచ్చి గుడ్లు పెడతాయని శాస్త్రవేత్తలు నమోదు చేసింది 1994లో. 2025 ఫిబ్రవరిలో పది రోజుల్లో దాదాపు 7 లక్షల ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇక్కడ గుడ్లు పెట్టాయి. అంతకుముందు ఏడాది అలా గుంపుగా రానేలేదు.

గుంపుగా వచ్చినప్పుడు గుడ్లను ఎవరూ తరలించక్కర్లేదు, తరలించలేరు కూడా. వెనక వచ్చిన తాబేలు ముందు దాని గుంతనే తవ్వేస్తుంది. పగిలిన గుడ్లు కుళ్లి పక్క గుడ్లకు బూజు పట్టిస్తాయి. అది ఆ ఇసుకలో ఎప్పుడూ ఉన్న నష్టమే. నేను చెప్పేది విడిగా, అక్కడొకటి ఇక్కడొకటిగా పెట్టిన గూళ్ల గురించి. పోటు నీరు తగిలేచోటో, తీరం కోతపడేచోటో, కుక్కలు తిరిగేచోటో గూడు ఉంటేనే తరలింపు గురించి ఆలోచించాలి. మిగతావి ఉన్నచోటే ఉంచి, పైన వల బిగించి కాపలా కాయడం మేలు. ఏ గూడు ముట్టుకోవాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. ఇది వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్న జీవి.

తీయాలంటే పెట్టిన రాత్రే తీయాలి. రెండు గంటల్లోపు అయితే చాలా మంచిది, ఆరు గంటలు దాటనివ్వకూడదు. ఆ తర్వాత పిండం పెంకు లోపలి పొరకు అతుక్కుంటుంది. అప్పుడు గుడ్డు దొర్లితే పొర చిరిగి పిండం చచ్చిపోతుంది, పైకి మాత్రం గుడ్డు తెల్లగా బాగానే కనిపిస్తుంది. అందుకే ఏ గుడ్డు ఏ వైపు పైకి ఉందో అదే వైపు ఉంచుతూ, ఒక్కొక్కటిగా, అదే గూటి తడి ఇసుక పరిచిన బకెట్లో పెట్టాలి. సాధారణంగా ఒక గూటిలో వంద పైచిలుకు గుడ్లుంటాయి. లెక్క రాసుకోవాలి.

హ్యాచరీలో, అంటే తరలించిన గుడ్లను పాతిపెట్టి కాపాడే చోట, గుంత తాబేలు తవ్వినట్టే ఉండాలి: సుమారు 45 సెంటీమీటర్ల లోతు, మెడ ఇరుకు, అడుగు కుండలా వెడల్పు. గుంతకూ గుంతకూ మీటరు ఎడం ఉండాలి. ఏటా కొత్తచోటు చూసుకోవాలి. పాత ఇసుకలో కుళ్లిన గుడ్ల బూజు మిగిలి ఉంటుంది.

ఇక వేడి సంగతి. పిల్ల ఆడో మగో పొదిగే కాలంలో మధ్య మూడోవంతు రోజుల్లో ఇసుక వేడిని బట్టి తేలుతుంది. సుమారు 29, 30 డిగ్రీల దగ్గర ఇవి సగం అవి సగం. ఇంకా చల్లగా ఉంటే మగవి, వేడిగా ఉంటే ఆడవి ఎక్కువ. 35 దాటి కొన్నాళ్లు నిలిస్తే పిండాలు చస్తాయి. హ్యాచరీ అంతటా తాటాకు పందిరి వేస్తే పిల్లలన్నీ మగవైపు పోవచ్చు. కాబట్టి సగం ఎండ, సగం నీడ ఉంచి, గుడ్ల లోతులో థర్మామీటరు పెట్టి రోజూ చదవాలి. కొలవకుండా పందిరి వేయడం నాకు ఎంతమాత్రం నచ్చదు.

నలభై అయిదో రోజు నుంచి గూటిపై బుట్ట బోర్లించాలి. పైన ఇసుక చల్లబడగానే, ఎక్కువగా రాత్రి పూట, పిల్లలు ఎక్కి వస్తాయి. అరగంటకోసారి చూసి వెంటనే వదలాలి. పొద్దున అతిథుల చేత వదిలిద్దామని బకెట్లో ఉంచితే, మొదటి రోజు ఈదడానికి దాచుకున్న శక్తి అక్కడే కాలు చేయి కొట్టుకుని ఖర్చయిపోతుంది. రోజూ ఒకేచోట వదిలితే చేపలు అక్కడే కాచుకుంటాయి. నీటికి కొన్ని గజాల ఇవతలే ఇసుక మీద వదిలి, సముద్రం దాకా వాటినే నడవనివ్వాలి. ఫోన్ లైట్ వేయకూడదు.

రెండు మూడు రోజుల తర్వాత గూడు తవ్వి పెంకులు లెక్కపెట్టాలి. మొదట్లోనే ఆగిన గుడ్లు ఎక్కువైతే తరలింపులో దొర్లాయేమో చూసుకోవాలి. దాదాపు పూర్తిగా ఎదిగి చచ్చినవి ఎక్కువైతే వేడినో, నీరు నిలవడాన్నో అనుమానించాలి.

ఒడ్డెక్కిన తాబేలు ముందు రెక్కకు లోహపు బిళ్ల కనిపిస్తే ఊడదీయకుండా దాని నంబరు అటవీశాఖకు చెప్పండి. 2021లో ఒడిశాలో బిళ్ల వేసిన తాబేలు 2025 జనవరిలో మహారాష్ట్రలోని గుహాగర్‌లో గుడ్లు పెట్టినట్టు తెలిసింది అలా నంబరు చూసినందువల్లే.