జున్ను వెళ్లిపోయింది

తెల్లవారుజామున సిరంజితో గడ్డి జావ నోటి దగ్గర పెడితే మా గినీ పిగ్ జున్ను తల పక్కకు తిప్పేసుకుంది. నా ఒళ్లోనే పడుకుని, కాసేపటికి ఊపిరి వదిలేసింది.

కొత్తిమీర కట్ట సంచిలోంచి తీసిన చప్పుడు వినబడితే చాలు, ఇల్లంతా మోగేలా ఈల వేసేది. ఈరోజు కూర కోసం కట్ట విప్పిన అమ్మ, అలవాటుగా కాడలు తీసి పక్కన పెట్టింది. తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

గినీ పిగ్‌ల పళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. జున్నుకు వెనక పళ్లు పెరిగి నాలుకకు అడ్డం పడ్డాయి. తిండి తగ్గితే పేగులూ నెమ్మదిస్తాయి. పైగా ఇవి నొప్పిని బయటపడనివ్వవు. అడవిలో నీరసంగా కనిపించిన ప్రాణినే కదా వేటాడేది! వారం వారం తూకం వేస్తేనే జబ్బు ముందుగా తెలుస్తుందని డాక్టరు గారు చెప్పారు. నల్లగొండలో రోజంతా గేదెలకు, గొర్రెలకు వైద్యం చేసే మనిషి, అరచేతిలో పట్టే ప్రాణి నోట్లోకి లైటు వేసి అంత ఓపికగా చూశారు. ఆయనకు రుణపడి ఉంటాను.

నాన్న బత్తాయి చెట్టు కింద గొయ్యి తీశారు. "ఇక్కడైతే ఎండ తగలదు" అన్నారు. మన ఎండలు దానికి అసలు పడేవి కావు.

ఎండుగడ్డి ఇంకా సగం సంచి మిగిలింది. మీలో ఎవరైనా గినీ పిగ్‌నో కుందేలునో పెంచుతుంటే చెప్పండి, తెచ్చి ఇస్తాను.